పే కింద మూడు నుక్తాలు

టోలిచౌకి దగ్గర పారామౌంట్ కాలనీ గల్లీల్లో అసర్ తర్వాత ఓ చక్కర్ కొడితే ఎన్ని జుబాన్‌లు చెవిన పడతాయో లెక్కపెట్టలేం. మన దఖ్నీ, మన తెలుగు సరే. యెమెన్ అరబీ, సూడాన్ అరబీ, సోమాలీ కూడా వినిపిస్తాయి. ఉస్మానియాలోనో ఇంకో కాలేజీలోనో చదువుకోవడానికి వచ్చినవాళ్లు, వాళ్ల బాల్‌బచ్చాలు. మన షహర్‌కి అరబ్బులు కొత్త కాదు. నిజాం ఫౌజ్‌లో పనిచేయడానికి హద్రమౌత్ నుంచి వచ్చిన సిపాయిల ఔలాద్ ఇవాళ్టికీ బార్కస్‌లో ఉంది. బార్కస్ అన్న పేరు కూడా ‘బ్యారక్స్’ నుంచి వచ్చిందే. అప్పట్లో ఆ సిపాయిల పిల్లలకి ఇంగ్లీషు అక్కర్లేదు. ఇప్పుడొచ్చిన వాళ్ల పిల్లలకి మాత్రం బడి గేటు దాటగానే అదే మొదటి ఇమ్తిహాన్.

మా కింది పోర్షన్‌లో ఒక యెమెనీ కుటుంబం ఉంటోంది. ఆయన కామర్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాడు. ముందు తనొక్కడే వచ్చాడు. తర్వాత రెండేళ్లకి భార్యని, తొమ్మిదేళ్ల కొడుకుని, ఐదేళ్ల కూతురిని తెచ్చుకున్నాడు. వాళ్లది సనా. 2014 సెప్టెంబర్‌లో షహర్ హూతీల చేతికి పోయింది. 2015 మార్చి నుంచి ఆకాశం నుంచి బాంబులు మొదలయ్యాయి. 2016 ఆగస్టు నుంచి 2022 మే దాకా సనా ఎయిర్‌పోర్టు మామూలు ముసాఫిర్ల విమానాలకి మూసే ఉంది. ఆ తల్లి ఇద్దరు పిల్లల్ని తీసుకుని కొండదారుల వెంట బస్సులో అదన్ వరకు వచ్చి, అక్కడ విమానం ఎక్కింది. ఇన్ని దాటుకుని వచ్చిన పిల్లవాణ్ని ఇక్కడి ఇంగ్లీషు మీడియం బడిలో ఒకటో తరగతిలో కూర్చోబెట్టారు. సనాలో మూడో తరగతి పూర్తిచేసిన పిల్లవాడు! పక్కన ఆరేళ్ల పిల్లలు. బెంచీ కింద వాడి మోకాళ్లు పట్టవు.

వారం తిరిగేసరికి వాడు మాట్లాడటమే మానేశాడు. ఇంట్లో కూడా. ఒకరోజు వాళ్లమ్మ మెట్లెక్కి పైకొచ్చింది. ఆమెకి ఇంగ్లీషు నాలుగు ముక్కలు, నాకు అరబీ అంతకన్నా తక్కువ. అయినా మాట నడిచింది. ముష్కిల్, మద్రసా, దర్స్, కితాబ్, ఇమ్తిహాన్, వలద్. ఈ లఫ్జ్‌లన్నీ మనకి తెలిసినవే కదా! వాడి గురించి చెబుతూ ‘గరీబ్’ అందామె. డబ్బుల్లేవు అంటోందేమో అనుకున్నాను. అరబీలో గరీబ్ అంటే పరాయివాడు, ఎవరికీ తెలియనివాడు అని అర్థం. మా అబ్బాయి ఆ బడిలో గరీబ్ అయిపోయాడు అన్నదే ఆమె బాధ.

నాది పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. డిగ్రీ తెలుగులో చేశాను. ఇప్పుడు తెలుగు పత్రికలో నౌకరీ. ఇంగ్లీషు నేను కూడా కింద పడుతూ లేస్తూ నేర్చుకున్నదే. టీచర్ని కాను. అయినా మగ్రిబ్ తర్వాత రోజూ ఓ గంట పంపించమన్నాను. నా బేటీ ఐదో తరగతి. అది కూడా పక్కనే కూర్చునేది.

మొదటి రోజు పెన్సిల్ చూపించి ఇదేంటి అంటే ‘బెన్సిల్’ అన్నాడు. పెప్సీ వాడికి బెబ్సీ. పోలీసు బోలీసు. బడిలో పిల్లలు నవ్వేది దీనికేనట. అరబీలో ‘ప’ అన్న హర్ఫ్ లేదు. అలిఫ్, బా, తా అని వెళ్లిపోతారు. చెవికి చిన్నప్పటి నుంచి అలవాటు లేని చప్పుడు, దగ్గరి చప్పుడులో కలిసిపోతుంది. వాడికి ‘ప’ అనడం రాకపోవడం తర్వాత సంగతి, ముందు ‘ప’కీ ‘బ’కీ తేడాయే వినపడలేదు.

అప్పుడు నా పాత ఉర్దూ ఖాయిదా గుర్తొచ్చింది. మనం అలిఫ్, బే, పే అని కదా మొదలుపెట్టాం. అరబ్బుల లిపి ఈరాన్ చేరాక ఫార్సీ వాళ్లకీ ఇదే ఇబ్బంది వచ్చింది. తమ నోట ఉన్న చప్పుళ్లకి అక్షరాలు లేవు. అందుకని బే కింద ఉన్న ఒక్క నుక్తాని మూడు చేసి పే అన్నారు. అలాగే చే, ఝే, గాఫ్ చేసుకున్నారు. అవే నాలుగూ ఉర్దూకి వచ్చాయి. నేను వాడి కాపీలో ‘బా’ రాశాను. వాడు చదివాడు. దాని కింద ఇంకో రెండు నుక్తాలు పెట్టాను. వాడు ఆ అక్షరాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. తన సొంత లిపిలో తనకి తెలియని ఒక హర్ఫ్! గొంతు మీద చెయ్యి పెట్టించి ‘బ’ అనిపించాను. గొంతు అదురుతుంది. పెదాలు అట్లాగే మూసి, గొంతు అదరకుండా గాలి వదలమన్నాను. నాలుగు రోజులు పట్టింది. ఐదో రోజు ‘పెన్’ అన్నాడు. ఆ తర్వాత నెల దాకా ఇంగ్లీషు పుస్తకంలో ‘పీ’ అక్షరం కనిపించిన చోటల్లా దాని కింద పెన్సిల్‌తో మూడు చుక్కలు పెట్టుకునేవాడు. పెట్టుకోనిచ్చాను.

ఇంకో ముష్కిల్ అచ్చుల్లో వచ్చింది. అరబీలో కురచ అచ్చులు మూడే. మనం జబర్, జేర్, పేష్ అనేవి. అవి కూడా పిల్లల పుస్తకాల్లోనూ ఖురాన్ షరీఫ్‌లోనూ రాస్తారు గానీ అఖ్బార్లలో రాయరు. కాఫ్, తే, బే మూడక్షరాలు చూస్తే చాలు. సందర్భాన్ని బట్టి కతబో, కుతిబో, కుతుబో పోల్చుకుంటారు. ఉర్దూ చదివిన మనకీ అదే అలవాటు. ఆ కళ్లతో ఇంగ్లీషు చూస్తే హల్లులే కనిపిస్తాయి, అచ్చులు కనిపించవు. బ్యాట్, బెట్, బిట్, బట్, బోట్, బీట్, బైట్ అన్నీ వాడికి ఒకటే, బే-టే. డిక్టేషన్‌లో అచ్చులు మింగేసేది అందుకే. టీచర్ దాన్ని అశ్రద్ధ అని రాసింది.

ఇక్కడ ఉర్దూ నాకు సాయం చేయలేదు. తెలుగు చేసింది. మనకి ఎ, ఏ, ఐ, ఒ, ఓ, ఔ అన్నీ విడివిడిగా ఉన్నాయి. ఏ అచ్చూ దాక్కోదు. ఒకటో తరగతిలో వాడికి తెలుగు కూడా ఉంది. 2018లో తెచ్చిన చట్టం ప్రకారం తెలంగాణ బడుల్లో తెలుగు చెప్పాలి కదా. ఇంగ్లీషే రాని పిల్లాడికి ఇదొక బోఝ్ అని వాళ్లబ్బా పరేషాన్ అయ్యాడు. నాకైతే అది పనికొచ్చింది. ‘పిన్’, ‘పెన్’ రెండూ తెలుగులో రాసి చూపించాను. పకారానికి గుడి పెడితే ఒకటి, ఎత్వం పెడితే ఇంకొకటి. వాడి వేలు పట్టుకుని గుడి మీద, ఎత్వం మీద పెట్టి పలికించాను. ఆ తేడా ముందు తెలుగులో కనిపించి, తర్వాత ఇంగ్లీషులో వినిపించింది.

‘ఈజ్’, ‘యామ్’ సంగతి చెప్పాలి. అరబీలో ‘నేను యెమెనీ’ అంటే చాలు, మధ్యలో క్రియ ఉండదు. తెలుగులోనూ అంతే. మా నాన్న స్టూడెంట్, ఇది బడి. అందుకని వాడు ‘మై ఫాదర్ స్టూడెంట్’ అని ఆపేసేవాడు. కానీ ఉర్దూలో ‘హూఁ’, ‘హై’ లేకుండా వాక్యం పూర్తికాదు. అప్పటికే వాడు గల్లీ క్రికెట్‌లో దఖ్నీ పట్టేస్తున్నాడు. వాడు నేర్చుకున్న మొట్టమొదటి లఫ్జ్ ఏంటనుకున్నారు? ‘నక్కో’! ఆ దఖ్నీనే పట్టుకున్నాను. మై యెమెనీ హూఁ. హూఁ అంటే యామ్, హై అంటే ఈజ్, హైఁ అంటే ఆర్. బడిలో మూడు వారాలు వల్లె వేయించినా ఎక్కనిది గల్లీ మాటతో రెండు రోజుల్లో ఎక్కింది.

‘స్ట్రీట్’ని వాడు ‘ఇస్ట్రీట్’ అంటే నేను నవ్వలేదు. రెండు హల్లులతో మాట మొదలుపెట్టడం అరబీకి చేతకాదు. మనకి చేతనవునా? మా అమ్మీ నిన్నటి దాకా ఇస్కూల్, ఇస్టేషన్ అనే అంది. తెలుగు ఊళ్లలోనూ ఇస్కూలే.

ఇంగ్లీషులో చిన్న బడి, పెద్ద బడి అక్షరాలు చూసి వాడు మొత్తం యాభై రెండు హర్ఫ్‌లు అనుకున్నాడు. అరబీలో పెద్దక్షరాలు లేవు. ‘ఐన్’ మాట మొదట్లో ఒకలా, మధ్యలో ఒకలా, చివర ఒకలా, విడిగా ఒకలా ఉంటుంది కదా, అయినా ఐనే కదా అన్నాను. అది అర్థమైంది. ‘నైఫ్’ ముందు ‘కే’ ఎందుకు, పలకనప్పుడు రాయడం ఎందుకు అని పోట్లాడాడు. ‘అష్షమ్స్’లో లామ్ రాస్తావు, పలుకుతావా అని అడిగాను. ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

ఇదంతా ఒక ఎత్తు, లెక్కలు ఒక ఎత్తు. వాణ్ని ఒకటో తరగతికి దించడానికి బడివాళ్లు చెప్పిన కారణం ఇంగ్లీషు ఒక్కటే కాదు, ‘కూడికలు కూడా రావు’ అని. వాళ్లబ్బా ఇది నమ్మలేకపోయాడు. సనాలో లెక్కల్లో వాడు క్లాసు ఫస్ట్ అట. నాది అఖ్బార్ నౌకరీ. ఎవరు ఏం చెప్పినా కాగితం చూపించమనడం ఆదత్. అడ్మిషన్ నాడు పెట్టిన టెస్టు పేపర్ అడిగి తెప్పించమన్నాను.

పేపర్‌లో 10 + 7 అని ఉంది. జవాబు చోట వాడు ఏవో రెండు గీతలు గీశాడు. దాని మీద ఎర్ర ఇంటూ. వాళ్లబ్బా దాన్ని చూడగానే తల పట్టుకున్నాడు. యెమెన్ బడుల్లో అంకెలు వేరు. మనం ఇంగ్లీషు అంకెలు అనేవాటిని వాళ్లు వాడరు. వాళ్ల ఐదు చిన్న గుండ్రం, అచ్చం మన సున్నాలా ఉంటుంది. వాళ్ల సున్నా ఒక చుక్క. వాళ్ల ఆరు మన 7లా ఉంటుంది. అంటే వాడు 10ని పదిహేను అని చదివాడు, 7ని ఆరు అని చదివాడు. పదిహేనూ ఆరూ కలిపి ఇరవై ఒకటి అని తన అంకెల్లో రాశాడు. ఒక్క పిసరు తప్పు లేదు. చదివింది వేరు, కూడింది సరే.

దాని కింద 9 − 1. అది ఖాళీగా వదిలేశాడు. విచిత్రం ఏంటంటే తొమ్మిది, ఒకటి రెండు లిపుల్లోనూ దాదాపు ఒకేలా ఉంటాయి. మరి ఎందుకు చేయలేదు? యెమెన్‌లో లెక్క కూడా కుడి నుంచి ఎడమకే రాస్తారు, ఉర్దూ సతర్‌లా. వాడికి అది ఒకటిలోంచి తొమ్మిది తీసేయమన్నట్టు కనిపించింది. ‘ఒకటిలోంచి తొమ్మిది ఎలా పోతుంది ఖాలా?’ అని నన్నే అడిగాడు. ఖాలా అన్న పిలుపు వాళ్లకీ మనకీ ఒకటే. నా దగ్గర జవాబు ఉంది గానీ, ఆ మాట వినాల్సింది నేను కాదు.

ఆ కాగితం పట్టుకుని ముగ్గురం బడికి వెళ్లాం. బడి పేరు వద్దు. ఆ ప్రిన్సిపల్ మేడమ్ దుర్మార్గురాలేం కాదు. అరబ్బు దేశాల పిల్లలు ఏటా నలుగురైదుగురు వస్తుంటారు, అందరికీ ఇదే చేస్తున్నాం అంది. నేను తెల్లకాగితం మీద రెండు వరసల్లో అంకెలు రాసి పక్కన టెస్టు పేపర్ పెట్టాను. ఆమె చాలాసేపు చూసింది. తర్వాత అక్కడికక్కడే వాడికి ఒక భాగాహారం ఇచ్చింది, నోటితో అంకెలు చెప్పి. వాడు తన అంకెల్లో చేసి, జవాబు ఇంగ్లీషులో పలికాడు. వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టి, వెనకబడ్డ చదువుని విడిగా చెప్పాలన్నది 2009 విద్యాహక్కు చట్టంలో ఉన్న మాటే కదా మేడమ్ అని మెల్లగా అన్నాను. నాలుగో తరగతి ఇవ్వలేదు. హాఫ్ ఇయర్లీ దాకా చూద్దామని మూడో తరగతి ఇచ్చింది. మోకాళ్లు బెంచీ కింద పట్టే తరగతి. అల్‌హందులిల్లాహ్.

లేచి వచ్చేస్తుంటే ఆమె ఒక సలహా ఇచ్చింది. ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఆ సలహానే. ‘ఇంట్లో అరబీ బంద్ చేయండి, ఇంగ్లీషే మాట్లాడండి, తొందరగా వస్తుంది’ అంది. వాళ్లబ్బా తర్జుమా చేసి చెబితే ఆ తల్లి ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక నన్ను అడిగింది. ‘నాకు వచ్చిన ఇంగ్లీషు నాలుగు మాటలు. నా పిల్లలతో ఇక నాలుగు మాటలే మాట్లాడాలా?’ అని. సనాలో వాళ్ల నాయనమ్మ ఉంది. నెట్ దొరికిన రోజు వాట్సాప్‌లో ఫోన్ చేస్తుంది. అరబీ బంద్ చేస్తే ఆ ముసలామెతో వాడు ఏ జుబాన్‌లో మాట్లాడాలి?

ఇదే సలహా మనకీ ఇచ్చారు. ఇస్తూనే ఉన్నారు. మన ఇళ్లలో ఎందరు పిల్లలు ఇవాళ ఉర్దూ చదవగలరు? దఖ్నీ మాట్లాడితే తలఫ్ఫుజ్ పాడవుతుందని ఒకరు, తెలుగు పట్టుకుంటే ఇంగ్లీషు వెనకబడుతుందని ఇంకొకరు. చివరికి దాదీ ఉత్తరం చదవలేని మనవలు తయారవుతున్నారు. బార్కస్ వైపు చూడండి. తాతముత్తాతల అరబీ ఎన్ని ఇళ్లలో మిగిలింది? ఇంటి జుబాన్ ఒక తరం చేతిలోంచి జారితే తర్వాతి తరం దాన్ని డబ్బులిచ్చి కోచింగ్‌లో నేర్చుకోవాలి.

నేను కళ్లారా చూసింది ఇది. ఆ పిల్లవాడికి ఇంగ్లీషు వచ్చింది అరబీ మెట్టు మీద కాలు పెట్టే. బా తెలుసు కాబట్టి పే అర్థమైంది. షమ్స్‌లో లామ్ తెలుసు కాబట్టి నైఫ్‌లో ‘కే’ అర్థమైంది. ‘కాటన్’ మీ ఖుత్నే, ‘షుగర్’ మీ సుక్కరే, ‘జిరాఫ్’ మీ జరాఫానే, ‘జీరో’ మీ సిఫ్ర్ నుంచి వచ్చిందే అని చెప్పినప్పుడు వాడి మెడ నిటారుగా లేచింది. ‘మ్యాగజీన్’ కూడా అరబీ మఖ్జన్ నుంచి వచ్చిందే. గోదాము అని అర్థం. నేను పనిచేసే చోటు పేరు వాళ్ల జుబాన్‌లోంచి వచ్చిందని తెలిసి వాడు ఆ రోజంతా నన్ను ‘మఖ్జన్ ఖాలా’ అన్నాడు. ఇంట్లో అరబీ ఆపేసి ఉంటే ఈ దారి ఎక్కడ దొరికేది?

ఇంకో సంగతి. నా బేటీ ఖురాన్ నాజిరా పూర్తి చేసింది. మాషా అల్లాహ్, తజ్‌వీద్ బాగుంటుంది. మాయనా మాత్రం తెలీదు, మనలో చాలామంది లాగే. ఓ సాయంత్రం అది సూరె ఫీల్ చదువుతుంటే వాడు కాపీలో ఏనుగు బొమ్మ గీసి చూపించాడు. ఫీల్ అంటే ఏనుగు. మన బేగంబజార్ వైపు ఫీల్‌ఖానా ఉంది చూడండి, ఏనుగుల్ని కట్టేసిన చోటు, ఆ ఫీలే. ఆ ఏనుగులతో బయల్దేరిన అబ్రహా మా సనా నుంచే వెళ్లాడు అని వాడు దఖ్నీలో, అరబీలో, చేతులతో కలిపి కిస్సా అంతా చెప్పాడు. ఇది వాడికి ‘ఎలిఫెంట్’ స్పెల్లింగ్ చెప్పింది. ‘పీ’ తర్వాత ‘హెచ్’ వస్తే ‘ఫ’ అని. అప్పటి నుంచి ఇద్దరికీ సౌదా కుదిరింది. రోజుకి పది ఇంగ్లీషు మాటలకి ఒక చిన్న సూరా మాయనా. ట్యూషన్ ఫీజు చుక్తా.

మీ గల్లీలో ఇలాంటి పిల్లలు ఉంటే నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి. వాళ్ల పాత కాపీలు అడిగి చూడండి, వచ్చింది ఏంటో తెలుస్తుంది. కొత్త అంకెలూ పాత అంకెలూ ఒకే కాగితం మీద రాసి గోడకి అంటించండి. లెక్క ఎడమ నుంచి మొదలవుతుందని బాణం గుర్తు వేసి చూపండి. మొదటి రెండు మూడు నెలలు పిల్లలు మాట్లాడకపోతే కంగారుపడకండి, లోపల వింటూనే ఉంటారు. ‘బెన్సిల్’ అంటే నవ్వకండి. మీ ఇంట్లో పాత ఉర్దూ ఖాయిదా ఉంటే రద్దీకి వేయకండి, ఎవరికి ఎప్పుడు పనికొస్తుందో.

హాఫ్ ఇయర్లీలో వాడికి లెక్కల్లో 46, ఇంగ్లీషులో 50కి 23 వచ్చాయి. ఇంగ్లీషు మార్కు చూసి వాళ్లబ్బా మొహం చిన్నబుచ్చుకున్నాడు. జనవరిలో అక్షరాలు రాని పిల్లాడికి అక్టోబర్‌లో 23 అంటే ఏంటో ఆయనకి కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది. వచ్చే ఏడు నాలుగో తరగతికి పంపుతామన్నారు. అప్పటికి ఆయన వీసా పొడిగిస్తారో లేదో, సనా వెళ్తారో, ఇంకెక్కడికైనా వెళ్తారో వాళ్లకే తెలీదు. ఏ దేశం వెళ్లినా అక్కడ మళ్లీ ఇంకో జుబాన్ ఎదురవుతుంది. కాబట్టి ఆ తల్లికి నేను ఒకటే చెప్పాను. రాత్రి పడుకునే ముందు వాళ్లకి కిస్సాలు అరబీలోనే చెప్పు, ఇంగ్లీషు సంగతి పొద్దున బడి చూసుకుంటుంది అని. ఆమె ఎలాగూ అదే చేస్తోంది. మా బెడ్‌రూమ్ కిటికీ వాళ్ల కిటికీకి సరిగ్గా పైనే. ఇషా తర్వాత ఆ గొంతు వినిపిస్తుంది. నాకు సగం అర్థమవుతుంది, సగం కాదు. నా బేటీకి ఈమధ్య నాకన్నా ఎక్కువే అర్థమవుతోంది.